పసిబిడ్డల వైద్యానికి చందా కాదు, చెదరని నిధి కావాలి

రెండవ ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) పాలనా కాలంలో జరిగిన ఒక సంఘటనను చరిత్రకారులు భద్రపరిచారు. ఒకనాడు ఒక వర్తక బిడారు మదీనా నగరానికి వచ్చి, నమాజు మైదానంలో విడిది చేసింది. వారి సరుకులకు ఆ రాత్రి తామే కాపలా కాయాలని హజ్రత్ ఉమర్ నిశ్చయించుకున్నారు. తమ సహచరులు హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి)ను వెంటబెట్టుకుని బయలుదేరారు. ఇద్దరూ నమాజు చేసుకుంటూ, కాపలా కాస్తూ ఉండగా ఒకచోట పసిబిడ్డ ఏడుపు వినిపించింది. ఖలీఫా వెళ్ళి, బిడ్డను ఊరడించమని తల్లికి చెప్పి వచ్చారు. కొంతసేపటికి మళ్ళీ ఏడుపు. మళ్ళీ వెళ్ళి చెప్పారు. తెల్లవారుజామున మూడోసారి కూడా అదే ఏడుపు వినిపించేసరికి ఆయనకు కోపం వచ్చి, ఆ తల్లిని మందలించారు.

ఎదుట నిలబడిన వ్యక్తి ఎవరో ఆమెకు తెలియదు. బిడ్డ చేత పాలు మాన్పిస్తున్నానని, వాడు మానడం లేదని చెప్పింది. ఇంత పసివాడి చేత ఎందుకు మాన్పిస్తున్నావని ఆయన అడిగారు. పాలు మానిన పిల్లలకు మాత్రమే ఉమర్ ప్రభుత్వం భత్యం ఇస్తుందని, అందుకే తొందరపడుతున్నానని ఆమె జవాబిచ్చింది. ఆ మాట ఖలీఫా గుండెలో ములుకులా గుచ్చుకుంది. ఆనాటి ఫజర్ నమాజులో ఆయన ఎంతగా దుఃఖించారంటే, వెనుక నిలబడినవారికి ఖుర్ఆన్ పారాయణం స్పష్టంగా వినబడలేదట. నమాజు ముగియగానే ఆయన ప్రకటన చేయించారు. ఇకమీదట భత్యం కోసం ఎవరూ తొందరపడి బిడ్డల చేత పాలు మాన్పించనవసరం లేదు. పుట్టిన ప్రతి బిడ్డకూ పుట్టిననాటి నుంచే బైతుల్ మాల్ భత్యం అందుతుంది. ఈ ఉత్తర్వును అన్ని రాష్ట్రాలకూ రాసి పంపించారు.

ఈ గాథను మనం మసీదులలో తరచుగా వింటూ ఉంటాము. ఖలీఫా గారి దైవభీతిని తలచుకుని కళ్ళు చెమర్చుకుంటాము. అయితే ఇందులో పాలకులు నేర్చుకోవలసిన పాఠం మరొకటి ఉంది. హజ్రత్ ఉమర్ ఆ తల్లి చేతిలో నాలుగు దిర్హములు పెట్టి, పుణ్యం సంపాదించుకున్నామని తృప్తిపడి ఇంటికి వెళ్ళిపోలేదు. నియమాన్నే మార్చారు. బిడ్డల పేర్లను దీవాన్‌లోకి, అంటే సర్కారు చిట్టాలోకి ఎక్కించారు. ఆ తల్లి ఇంకెప్పుడూ ఎవరినీ యాచించనవసరం లేకుండా చేశారు. దయకూ హక్కుకూ మధ్యనున్న తేడా ఇదే.

నేటి మన పసిపిల్లల వైద్యం విషయంలోనూ ప్రశ్న ఇదే. బిడ్డకు జబ్బు చేస్తే వైద్యం అందడం దయ కావాలా, హక్కు కావాలా?

మన జిల్లా నుంచే మొదలు

అరసవల్లి పేరు చెప్పగానే అందరికీ సూర్యనారాయణస్వామి గుడి గుర్తుకు వస్తుంది. కంటి జబ్బులు, చర్మవ్యాధులు పోతాయనే నమ్మకంతో దూరప్రాంతాల నుంచి హిందూ సోదరులు ఇక్కడికి వస్తారు. పక్కనే ఉన్న శ్రీకాకుళం పట్టణంలో, నాగావళి ఒడ్డున, గోల్కొండ కుతుబ్‌షాహీల కాలం నాటి జామియా మసీదు ఉంది. జుమా నాడు ఆ మసీదు గుమ్మం దగ్గరా దువా ఊదించుకోవడానికి బిడ్డలను ఎత్తుకుని తల్లులు నిలబడతారు. వారిలో అన్ని మతాలవారూ ఉంటారు. జబ్బు మతం అడగదు. బిడ్డ ఒళ్ళు కాలిపోతుంటే ఏ తల్లి గుండె అయినా ఒకేలా కొట్టుకుంటుంది.

ఒక విషయం మన జిల్లావాసులలోనే చాలామందికి గుర్తు లేదు. పేదల పెద్ద జబ్బులకు ప్రభుత్వమే ఖర్చు భరించే ఆరోగ్యశ్రీ పథకం మొట్టమొదట మొదలైన మూడు జిల్లాలలో శ్రీకాకుళం ఒకటి. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం జిల్లాలతో పాటు మన జిల్లాలో దీనిని ప్రయోగాత్మకంగా ప్రారంభించారు. మూడూ వెనుకబడిన జిల్లాలే. కరువు, వలసలు ఎరిగిన జిల్లాలే. ఇక్కడ ఫలితం చూసిన తరువాత దశలవారీగా విస్తరించి, 2008 జూలై నాటికి అప్పటి ఉమ్మడి రాష్ట్రంలోని 23 జిల్లాలకూ వర్తింపజేశారు.

ఈ పథకానికి మూలం పసిపిల్లల గుండె జబ్బులలోనే ఉందన్నది గమనార్హం. 2004లో అప్పటి ముఖ్యమంత్రి డాక్టర్ వై.ఎస్.రాజశేఖరరెడ్డి అధికారం చేపట్టిన తరువాత, పేద కుటుంబాల పిల్లల గుండె ఆపరేషన్లకు ప్రభుత్వ సహాయం మొదలైంది. అంతకుముందు పుట్టుకతో గుండెలో రంధ్రం ఉన్న బిడ్డకు ఆపరేషన్ అంటే పేదవాడికి అందని చందమామ. అర్జీ పట్టుకుని ఎమ్మెల్యే ఇంటికి, అక్కడి నుంచి హైదరాబాదులో సచివాలయానికి తిరిగేవారు. ముఖ్యమంత్రి సహాయనిధి నుంచి చెక్కు వస్తే ఆపరేషన్ జరిగేది, రాకపోతే లేదు. 2004 మే నుంచి 2007 జూన్ వరకు సహాయనిధి నుంచి యాభై వేలకు పైగా కేసులలో వైద్యఖర్చులు ఇచ్చారు. ఇంతమంది అర్జీలు పట్టుకుని తిరగవలసిన అవసరం ఏమిటి, ఒక క్రమపద్ధతి ఎందుకు ఉండకూడదు అన్న ఆలోచన నుంచే ఆరోగ్యశ్రీ పుట్టింది.

మొదట ఇది బీమా పద్ధతిలో నడిచింది. కుటుంబం తరఫున ప్రీమియం సొమ్మును ప్రభుత్వం కట్టేది. స్టార్ హెల్త్ అనే బీమా కంపెనీ ఆస్పత్రులకు చెల్లించేది. తెల్ల రేషన్ కార్డు ఉన్న కుటుంబానికి ఏడాదికి లక్షన్నర రూపాయలు, అది చాలకపోతే మరో 50 వేలు. పుట్టు చెవిటి పిల్లలకు చెవిలో అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్‌కు మాత్రం వేరుగా 6.5 లక్షల వరకు ఇచ్చేవారు. 2008 జూలై నుంచి మరికొన్ని జబ్బులను కలిపి, వాటిని బీమా కంపెనీ ప్రమేయం లేకుండా ఆరోగ్యశ్రీ ట్రస్టే నేరుగా చూడసాగింది.

పేరు మారింది, పరిమితి పెరిగింది, బకాయి మిగిలింది

2007లో రాజీవ్ ఆరోగ్యశ్రీగా పుట్టిన పథకం 2014 తరువాత ఎన్టీఆర్ వైద్య సేవ అయింది. 2019 తరువాత డాక్టర్ వైఎస్సార్ ఆరోగ్యశ్రీ అయింది. 2024లో మళ్ళీ డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ అయింది. లక్షన్నర పరిమితి రెండున్నర లక్షలకు పెరిగింది. 2023 డిసెంబరులో 25 లక్షలని ప్రకటించారు. 2025 సెప్టెంబరులో రాష్ట్ర మంత్రివర్గం మరో నిర్ణయం తీసుకుంది. రెండున్నర లక్షల వరకు బీమా కంపెనీ ద్వారా, ఆపైన 25 లక్షల వరకు ట్రస్టు ద్వారా వైద్యం అందించాలన్నది దాని సారాంశం. ఇన్ని మార్పులలోనూ ఏ ప్రభుత్వమూ ఈ పథకాన్ని రద్దు చేయడానికి సాహసించలేదు. అది ప్రజల బలం. అందుకు అన్ని పక్షాలనూ అభినందించాలి.

అయితే 25 లక్షలన్నది కార్డు మీది అంకె. ఆస్పత్రికి అందవలసింది రొక్కం. బడ్జెట్టులో కేటాయించడం ఒకటి, కేటాయించినది విడుదల చేయడం మరొకటి. బిడ్డకు ఆపరేషన్ జరిగిన తరువాత ఆస్పత్రి బిల్లు పెడుతుంది. ఆ బిల్లు నెలల తరబడి పెండింగులో పడితే బకాయి కొండలా పేరుకుంటుంది. 2024 మే నెలలో, 1,500 కోట్ల రూపాయల బకాయిలున్నాయంటూ ప్రైవేటు స్పెషాలిటీ ఆస్పత్రుల సంఘం ఈ పథకం కింద సేవలు నిలిపివేసింది. ప్రభుత్వం మారింది. 2025 అక్టోబరులో, 2,700 కోట్ల రూపాయల బకాయిలున్నాయంటూ అదే సంఘం మళ్ళీ సేవలు ఆపింది. ఆ తరువాత చర్చలు జరిగాయి, కొంత సొమ్ము విడుదలైంది, సేవలు తిరిగి మొదలయ్యాయి. తప్పు ఏ ప్రభుత్వానిది, లెక్క ఎవరిది సరైనది అన్న తగవు రాజకీయులు చూసుకుంటారు. మన ప్రశ్న వేరు. ఆ రోజులలో ఆస్పత్రి గుమ్మం దాకా వెళ్ళి, సేవలు లేవన్న బోర్డు చూసి వెనక్కి తిరిగిన పసిబిడ్డ సంగతి ఏమిటి?

పెద్దవారి మోకాలి ఆపరేషన్ మూడు నెలలు వాయిదా పడితే నొప్పి భరించవచ్చు. పిల్లల జబ్బులకు వాయిదా లేదు.

బిడ్డ జబ్బు గడియారం

పుట్టే ప్రతి వెయ్యి మంది శిశువులలో సుమారు ఎనిమిది మందికి గుండెలో ఏదో ఒక లోపం ఉంటుందని వైద్యశాస్త్రం చెబుతోంది. కొన్ని చిన్న రంధ్రాలు వాటంతటవే పూడిపోతాయి. పెద్ద రంధ్రం అలా కాదు. దాని గుండా రక్తం అధికంగా ఊపిరితిత్తులకు పారి, అక్కడి రక్తనాళాలు క్రమేణా గట్టిపడతాయి. సకాలంలో రంధ్రం మూసివేస్తే బిడ్డ అందరిలా ఆడుకుంటుంది. కాలం దాటితే ఊపిరితిత్తులలో రక్తపు ఒత్తిడి ఎంతగా పెరుగుతుందంటే, ఇక ఆపరేషన్ చేయడమే ప్రమాదమని వైద్యులు చేతులెత్తేస్తారు. అప్పుడు 25 లక్షల కార్డు ఉన్నా ప్రయోజనం లేదు.

పుట్టు చెవిటితనం సంగతీ అంతే. మాటలు నేర్చుకునే శక్తి మెదడుకు తొలి సంవత్సరాలలోనే పుష్కలంగా ఉంటుంది. ఆ వయసులో వినికిడి కల్పిస్తే బిడ్డ అమ్మీ, అబ్బా అని పిలుస్తుంది. ఆరేడేళ్ళు గడిచాక అదే యంత్రం అమర్చినా, శబ్దం వినబడుతుందేమో గాని మాట సులభంగా రాదు. వంకర పాదాలతో పుట్టిన శిశువుకు మొదటి వారాలలోనే పట్టీలు వేయడం మొదలుపెడితే పెద్ద ఆపరేషన్ లేకుండా సరిచేయవచ్చు.

మరికొన్ని జబ్బులకు ఒక్కసారి వైద్యం చాలదు. తలసీమియా ఉన్న బిడ్డకు రెండు నుంచి నాలుగు వారాలకొకసారి రక్తం ఎక్కించాలి. ఎక్కించిన రక్తం వల్ల ఒంట్లో పేరుకునే ఇనుమును తీసివేసే మందు రోజూ వాడాలి. గొంతునొప్పి, కీళ్ళనొప్పులతో మొదలై గుండె కవాటాలను తినేసే రుమాటిక్ జ్వరం వచ్చిన పిల్లలకు మూడు వారాలకొక పెన్సిలిన్ సూది ఏళ్ళ తరబడి పడాలి. సూది ఖరీదు తక్కువే. కాని ఆ సూది తప్పిపోతే రేపు కవాటం మార్చవలసి వస్తుంది, దానికి లక్షలు కావాలి. నాలుగు నెలలు నడిచి రెండు నెలలు ఆగే పథకం ఇలాంటి బిడ్డలకు ఏ విధంగా ఉపకరిస్తుంది?

అల్లాహ్‌కు అన్నింటికన్నా ప్రీతిపాత్రమైనది కొద్దిపాటిదైనా నిలకడగా సాగే సత్కార్యమేనని దైవప్రవక్త (స) బోధించినట్లు సహీహ్ బుఖారీలో ఉంది. ఈ హదీసును మనం నఫిల్ నమాజులకే పరిమితం చేస్తున్నాము. ప్రభుత్వ ఖజానా నుంచి పిల్లలకు చేసే ఖర్చుకూ అది వర్తిస్తుంది. ఎన్నికల ముందు ప్రకటించే పెద్ద అంకె కన్నా, ప్రతినెలా తప్పక అందే చిన్న అంకె పసిబిడ్డకు మేలు.

అమెరికా చెప్పే గుణపాఠం

ఇది మన రాష్ట్రానికే పరిమితమైన జబ్బు కాదు. సంపన్న దేశమైన అమెరికాలోనూ ఇదే జరిగింది. అక్కడ మరీ నిరుపేదలకు ప్రభుత్వ వైద్యసహాయం ఉంది, కలిగినవారికి ఉద్యోగం ద్వారా బీమా ఉంది. మధ్యలో చిక్కుకున్న చిరుద్యోగుల, కూలీల పిల్లల కోసం 1997లో ఒక బాలల ఆరోగ్య బీమా పథకం తెచ్చారు. రెండు ప్రత్యర్థి పార్టీలకు చెందిన ఎడ్వర్డ్ కెన్నెడీ, ఆరిన్ హాచ్ అనే సెనేటర్లు కలిసి దానికోసం కృషి చేశారు. కాలక్రమేణా సుమారు 90 లక్షల మంది పిల్లలు దాని నీడలోకి వచ్చారు.

అయితే ఆ పథకానికి నిధులు శాశ్వతంగా ఇవ్వలేదు. గడువు పెట్టి ఇచ్చారు. గడువు తీరినప్పుడల్లా పార్లమెంటు తిరిగి మంజూరు చేయాలి. 2017 సెప్టెంబరు 30న గడువు ముగిసింది. ఇతర తగవులలో మునిగిన సభ్యులు సకాలంలో పొడిగించలేదు. దాదాపు నాలుగు నెలలు గడిచాయి. కొన్ని రాష్ట్రాలు పిల్లల బీమా ఆగిపోవచ్చునంటూ తల్లిదండ్రులకు లేఖలు పంపాయి. క్యాన్సరుకు, ఉబ్బసానికి మందులు వాడుతున్న బిడ్డల తల్లులు ఆ ఉత్తరం చేతపట్టుకుని ఎలా నిద్రపోయి ఉంటారు? చివరకు 2018 జనవరి 22న ఆరేళ్ళకు, ఫిబ్రవరిలో మరో నాలుగేళ్ళకు పొడిగించారు. 2022 చివర మరో రెండేళ్ళు కలిపి 2029 వరకు తీసుకువెళ్ళారు. నిధులు శాశ్వతం చేయాలన్న బిల్లులు వచ్చినా, ఇంకా ఆ మాట నెరవేరలేదు.

ఇందులో ఆశ్చర్యకరమైన సంగతి ఒకటుంది. పదేళ్ళకు పొడిగిస్తే ప్రభుత్వానికి నష్టం కాదు, సుమారు 600 కోట్ల డాలర్లు మిగులుతాయని ఆ దేశపు పార్లమెంటు లెక్కల కార్యాలయమే అంచనా వేసింది. ఈ పథకం లేకపోతే ఆ పిల్లలను ఇంతకన్నా ఖరీదైన మార్గాలలో ప్రభుత్వమే పోషించవలసి వస్తుంది గనుక. శాశ్వత నిధి అంటే ఖజానాకు భారమని భయపెట్టేవారు ఈ లెక్క చూడాలి.

వక్ఫ్ నేర్పిన నిలకడ

శాశ్వత నిధి అన్న ఆలోచన ముస్లింలకు కొత్తది కాదు. ఖైబర్‌లో తమకు లభించిన మేలైన భూమిని ఏం చేయమంటారని హజ్రత్ ఉమర్ (రజి) దైవప్రవక్త (స)ను అడిగారు. మూలాన్ని కదలకుండా నిలిపి, దాని ఫలాన్ని దానం చేయమని ప్రవక్త (స) సలహా ఇచ్చారు. ఆ భూమిని అమ్మకూడదు, బహూకరించకూడదు, వారసులు పంచుకోకూడదు. దాని పంట మాత్రం పేదలకు, బాటసారులకు ఏటేటా అందాలి. వక్ఫ్‌కు పునాది అదే. దాత మనసు మారినా, దాత కన్నుమూసినా, దానం ఆగకూడదన్నది అందులోని రహస్యం.

ఈ సూత్రం మీదనే ముస్లిం ప్రపంచంలో గొప్ప ఆస్పత్రులు వెలిశాయి. 1154లో సుల్తాన్ నూరుద్దీన్ జంగీ దమస్కస్‌లో, 1284లో సుల్తాన్ ఖలావూన్ కైరోలో నెలకొల్పిన బీమారిస్తాన్‌లు వక్ఫ్ ఆదాయంతో నడిచాయి. ధనికుడు, పేదవాడు అన్న తేడా లేకుండా వైద్యం ఉచితం. సుల్తాన్‌లు పోయారు, వంశాలు కూలిపోయాయి, ఆస్పత్రులు మాత్రం శతాబ్దాలపాటు నిలిచాయి. ఎందుకంటే వాటి జీవనాధారం సుల్తాన్ దయాదాక్షిణ్యం మీద కాక, పత్రం మీద రాసిన వక్ఫ్ షరతు మీద ఆధారపడింది.

ఈనాటి భాషలో ఆ పత్రం పేరు చట్టం. ఆ భూమి పేరు మురిగిపోని నిధి.

మన దేశంలో దీనికి ఉదాహరణలు లేకపోలేదు. ఆదాయపు పన్నుపై 2018 నుంచి నాలుగు శాతం ఆరోగ్య, విద్యా సెస్సు వసూలు చేస్తున్నారు. అందులో ఆరోగ్యం వాటాను జమచేయడానికి, ఏడాది ముగిసినా మురిగిపోని 'ప్రధానమంత్రి స్వాస్థ్య సురక్షా నిధి' ఏర్పాటుకు 2021 మార్చిలో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. 2023లో రాజస్థాన్ శాసనసభ ఆరోగ్య హక్కు చట్టం చేసింది.

అందరికీ తెలిసిన ఉదాహరణ బడిలో మధ్యాహ్న భోజనం. బడి పిల్లలకు వండిన భోజనం పెట్టి తీరాలని 2001 నవంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. మన రాష్ట్రంలో 2003 నుంచి అది అమలులోకి వచ్చింది. 2013లో ఆహార భద్రతా చట్టంలో చేరింది. ఆ భోజనం పేరు గోరుముద్ద అయింది, డొక్కా సీతమ్మ బడి భోజనం అయింది. పేరు ఏదైనా మధ్యాహ్నం గంట కొట్టేసరికి కంచంలో అన్నం పడుతోంది. కోర్టు ఉత్తర్వు, చట్టం వెనుక ఉన్నాయి గనుక దానిని ఆపడం ఎవరి తరమూ కాదు. బిడ్డ కడుపుకు దక్కిన ఈ భరోసా, బిడ్డ గుండెకూ ఊపిరికీ ఎందుకు దక్కకూడదు?

బీమా ధర్మసమ్మతమేనా?

ఈ సందర్భంలో మన పాఠకులు వేసే ప్రశ్న ఒకటుంది. బీమా అంటేనే షరీఅత్‌లో అభ్యంతరం కదా, అలాంటప్పుడు ఈ పథకాన్ని ఉపయోగించుకోవచ్చునా? ఈ సందేహంతో వెనకాడే కుటుంబాలు నేటికీ ఉన్నాయి. కాబట్టి కొంచెం వివరించాలి.

వ్యాపార బీమాలో ఉలమా చూపే దోషాలు ముఖ్యంగా మూడు. వడ్డీ, జూదపు పోలిక, 'ఘరర్' అంటే ఒప్పందంలో అనిశ్చితి. 1985 డిసెంబరులో జిద్దాలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ వ్యాపార బీమా ఒప్పందాన్ని నిషిద్ధమని తీర్మానించింది. పరస్పర సహకారం, స్వచ్ఛంద విరాళం పునాదిగా నడిచే సహకార బీమాను మాత్రం సమ్మతించింది. ఇక ప్రభుత్వ ఆరోగ్య పథకంలో పేద కుటుంబం ఎవరితోనూ ఒప్పందం చేసుకోదు, ఒక్క పైసా ప్రీమియం కట్టదు. ప్రభుత్వం తన పౌరులకు చేసే సహాయమది. ట్రస్టు చెల్లించినా, కంపెనీ ద్వారా చెల్లించినా తీసుకునే పేదవాడి దృష్టిలో అది సహాయమే. కనుక దానిని స్వీకరించడంలో దోషం కనబడదు. ఇంకా సందేహం మిగిలితే మీ ప్రాంతపు ముఫ్తీ సాహెబ్‌ను అడగండి. అంతేగాని సందేహం పేరుతో బిడ్డ వైద్యాన్ని ఆపడం మాత్రం సరికాదు. వైద్యం చేయించుకోమని స్వయంగా దైవప్రవక్త (స) ఆదేశించారు.

అదీగాక కంపెనీ ప్రమేయం లేకుండా ట్రస్టు ద్వారానే నడవాలని కోరే హక్కు పౌరులుగా మనకు ఉంది. ఏ పద్ధతి పెట్టినా అసలు షరతు ఒక్కటే. సొమ్ము సకాలంలో చేరాలి.

ప్రభుత్వాలు చేయవలసినది

ఒకటి: పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లల వైద్యానికి రాష్ట్రంలో వేరే నిధి ఉండాలి. అది శాసనసభ చేసిన చట్టంతో ఏర్పడాలి. ఏడాది చివర మురిగిపోకూడదు, ఇతర పద్దులకు మళ్ళించడానికి వీలుండకూడదు.

రెండు: ఆస్పత్రుల బిల్లులు చెల్లించడానికి గడువు పెట్టాలి. గడువు దాటితే జవాబు చెప్పవలసిన అధికారి ఎవరో చట్టంలోనే ఉండాలి. పైకం తగవు ప్రభుత్వానికీ ఆస్పత్రికీ మధ్య ఉన్నంతకాలం బిడ్డల వైద్యం ఆపడానికి ఇరుపక్షాలకూ అధికారం ఉండరాదు.

మూడు: ఒకసారి నమోదైన బిడ్డ పేరును ఏడాది మధ్యలో తొలగించకూడదు. రేషన్ కార్డు విచారణలో ఉన్నా, తండ్రి వలస వెళ్ళినా వైద్యం నడవాలి. అమెరికాలో 2024 జనవరి నుంచి ఈ నియమం వచ్చింది. మన జిల్లా వంటి వలసల ప్రాంతానికి ఇది మరింత అవసరం. హైదరాబాదులోనో చెన్నైలోనో తాపీ పని చేసుకునే మన మనిషి బిడ్డకు అక్కడే జబ్బు చేస్తుంది, కార్డు మాత్రం ఇక్కడ ఉంటుంది.

నాలుగు: జిల్లాలోనే పిల్లల వైద్యం బలపడాలి. శ్రీకాకుళానికి 2008లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. అయినా పసిబిడ్డ గుండెకు కష్టం వస్తే మనవారు నేటికీ ఆమదాలవలసలో రైలెక్కి విశాఖ దారి పడుతున్నారు. బడులలో, అంగన్‌వాడీలలో పిల్లలను పరీక్షించే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013 నుంచి ఉంది. ఆ బృందాలు మదర్సాలకు, మక్తబ్‌లకు కూడా క్రమం తప్పకుండా రావాలి.

మనం చేయవలసినది

ప్రభుత్వాన్ని అడిగే ముందు మన ఇల్లు చక్కబెట్టుకోవాలి. మన పిల్లల వైద్యం ఆగిపోవడానికి చాలాసార్లు కారణం డబ్బు కాదు, పేరు. పుట్టిన ఏడవ రోజున అఖీఖా చేసి చక్కని పేరు పెడతాము. ఆస్పత్రిలో ఆ పేరు ఒకలా రాస్తారు, ఆధార్‌లో మరోలా వస్తుంది, రేషన్ కార్డులో ఇంకోలా పడుతుంది. ఒకచోట మొహమ్మద్, ఒకచోట మహమ్మద్, ఇంకొకచోట ఎం.డి. షేక్ అన్న ఇంటిపేరు ఒక కాగితంలో ముందు, ఇంకో కాగితంలో వెనుక. కొన్ని ఇళ్ళలో బిడ్డకు మూడేళ్ళు నిండినా కార్డులో పేరే ఎక్కదు. చేతుల మీద బిడ్డను పెట్టుకుని ఆస్పత్రి కౌంటరు దగ్గర ఈ కాగితాల తగవు తీర్చుకోవడం ఎంత నరకమో అనుభవించినవారికే తెలుసు.

కనుక బిడ్డ పుట్టిన 21 రోజులలోపు జననం నమోదు చేయించండి. అప్పుడు రుసుము లేదు. పేరు నిశ్చయం కాకపోతే ఏడాదిలోపు చేర్పించవచ్చు. అఖీఖా నాడే పేరును తెలుగులో, ఇంగ్లీషులో, ఉర్దూలో ఒక కాగితం మీద రాసి పెట్టుకుని, అన్నిచోట్లా అదే రాయించండి. ప్రతి మసీదు కమిటీ చదువుకున్న యువకులను ఇద్దరిని ఈ పనికి నియమించాలి. జుమా తరువాత అరగంట కూర్చుని మహల్లాలోని పిల్లల కార్డులు, ఆధార్‌లు సరిచూడాలి. ఇరుగుపొరుగు హిందూ, క్రైస్తవ కుటుంబాలవారు వచ్చినా అదే ఆదరణతో చేసిపెట్టాలి. ఆస్పత్రిలో ఈ పథకం తరఫున ఒక ఉద్యోగి ఉంటారని, అనుమతి పత్రాలు ఆయనే చూస్తారని తల్లులకు చెప్పి పంపాలి.

నికాహ్‌కు ముందు తలసీమియా రక్తపరీక్ష చేయించే అలవాటు రావాలి. మేనరికాలు ఎక్కువగా ఉన్న కుటుంబాలలో ఇది మరీ ముఖ్యం. వధూవరులిద్దరిలోనూ ఆ లక్షణం ఉంటే పుట్టబోయే ప్రతి బిడ్డకూ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు.

ఇక మన జకాత్, సదఖాల మాట. జుమా నమాజు తరువాత గుమ్మంలో రుమాలు పరచి ఎవరో ఒక బిడ్డ ఆపరేషన్‌కు చందా అడగడం మన మసీదులలో పరిపాటి. ఇచ్చేవారికి అల్లాహ్ ప్రతిఫలమిస్తాడు. కాని ఆ రుమాలులో పడే నోట్లు ఆ వారం ఎంతమంది వచ్చారు, ఎవరి జేబు ఎలా ఉంది అన్నదాని మీద ఆధారపడతాయి. ముఖపరిచయం ఉన్నవాడి బిడ్డకు ఎక్కువ పడుతుంది, పరదేశి బిడ్డకు తక్కువ పడుతుంది. ఒక తండ్రి తన బిడ్డ జబ్బును నలుగురిలో చూపించి ఆత్మాభిమానం చంపుకోవలసి వస్తుంది. గుండె ఆపరేషన్ వంటి పెద్ద ఖర్చు ప్రభుత్వం భరించవలసినదే. దారిఖర్చు, తోడు వెళ్ళిన తల్లిదండ్రుల కూలి నష్టం, ఇంటి దగ్గర మిగిలిన పిల్లల తిండి వంటివి మహల్లా భరించాలి. ఎవరి బాధ్యత వారిది. సముదాయం దయ చూపుతోంది కదా అని ప్రభుత్వం తప్పుకోకూడదు. ప్రభుత్వం ఉంది కదా అని సముదాయం చేతులు ముడుచుకోకూడదు.

ప్రతి ఒక్కరూ కాపరేనని, తన మంద గురించి ప్రతి కాపరినీ ప్రశ్నించడం జరుగుతుందని దైవప్రవక్త (స) హెచ్చరించారు. మంత్రి ఒక కాపరి, అధికారి ఒక కాపరి, ఆస్పత్రి యజమాని ఒక కాపరి, ముతవల్లీ ఒక కాపరి, తండ్రి ఒక కాపరి. ఓటు వేసే మనమూ కాపరులమే. ఈసారి మన ముందుకు వచ్చి చేతులు జోడించే అభ్యర్థిని, ఏ పార్టీవారైనా సరే, ఒక్క ప్రశ్న అడుగుదాం. పరిమితి ఎన్ని లక్షలకు పెంచుతారని కాదు. పిల్లల వైద్యనిధిని ఎవరూ ఆపలేని చట్టంగా ఎప్పుడు చేస్తారని.

ఏ బిడ్డ ఏడుపూ పాలకుల చెవిన పడకుండా పోకూడదని, విన్న పాలకుడికి హజ్రత్ ఉమర్ (రజి) వంటి కరిగే గుండెను, నియమం మార్చే ధైర్యాన్ని అల్లాహ్ ప్రసాదించాలని వేడుకుందాం. ఆమీన్.